కేంబ్రిడ్జిలో జగదీశ్ చంద్ర బోసు

1869లో ఫరీద్‌పూర్‌లో ఒక డిప్యూటీ మేజిస్ట్రేటు గారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. బర్ద్వాన్ వెళ్లాలి. ఆయన పేరు భగవాన్ చంద్ర బోసు. సామాన్లు కట్టారు. పదకొండేళ్ల కొడుకు జగదీశ్ అప్పటిదాకా చదివిన బడి వదిలి కలకత్తా బడిలో చేరాల్సి వచ్చింది. ఈ కథ మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. టీసీ చేతపట్టుకుని కొత్త ఊళ్లో కొత్త క్లాసు గుమ్మం దగ్గర నిలబడ్డ అనుభవం మీ అందరికీ ఉంది. ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగే పంతుల్ని కాబట్టి నాకూ ఉంది.

జగదీశ్ చంద్ర బోసు అంటే మొక్కలకు ప్రాణం ఉందని చూపించిన శాస్త్రవేత్త అని మీ పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది. అది అంత సరైన వాక్యం కాదు. మొక్కలకు ప్రాణం ఉందని అందరికీ ముందే తెలుసు. బోసు చూపించింది వేరు. దాని దగ్గరికి తర్వాత వద్దాం. అంతకంటే ముందు ఆయన ఎక్కడెక్కడ ఏమేం చదివాడో చూడాలి. ఆయన చేసిన పనంతా ఆ చదువుల్లోంచే వచ్చింది.

ఆయన 1858 నవంబరు 30న మైమెన్‌సింగ్‌లో పుట్టాడు. అదీ ఫరీద్‌పూరూ ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. తండ్రి పెద్ద ఉద్యోగి. ఆ రోజుల్లో ఆ హోదా ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపేవారు. ఆయన కింద పనిచేసే గుమాస్తాలు కూడా అలాగే పంపారు. భగవాన్ చంద్ర బోసు మాత్రం కొడుకును బెంగాలీ బడిలో వేశాడు. ఇంగ్లీషు నేర్చుకునే ముందు పిల్లవాడికి సొంత భాష రావాలి, సొంత మనుషులు తెలియాలి అని ఆయన ఉద్దేశం. ఆ బడిలో జగదీశ్‌కు కుడిపక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, ఎడమపక్క జాలరి కొడుకు కూర్చునేవారు. నీళ్లలో బతికే జీవాల కథలూ పిట్టల కథలూ వాళ్ల నోట వినేవాడు. ముగ్గురూ కలిసి ఇంటికి వస్తే తల్లి బామసుందరీ దేవి ఏ తేడా చూపకుండా అందరికీ ఒకేలా పెట్టేది. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. ప్రకృతిని తెలుసుకోవాలన్న ఆశ ఆ కథలతోనే మొదలైందని ఆయన పెద్దయ్యాక గుర్తుచేసుకున్నాడు.

ఇంకో గురువు కూడా ఉండేవాడు. అతను పాత బందిపోటు. భగవాన్ చంద్ర బోసే అతన్ని జైలుకు పంపాడు. శిక్ష ముగిసి బయటికొచ్చాక బతుకుతెరువు లేదని అతను మొరపెట్టుకుంటే తన ఇంట్లోనే పనికి పెట్టుకున్నాడు. జగదీశ్‌ను భుజం మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లడం అతని పని. దారి పొడవునా దోపిడీల కథలు చెప్పేవాడు. కన్నకొడుకును పాత బందిపోటు చేతికి అప్పగించాడంటే ఆ మేజిస్ట్రేటుకు ఎంత ధైర్యం ఉండాలి!

కలకత్తాలో మొదట కొద్దినెలలు హేర్ స్కూలు, తర్వాత సెయింట్ జేవియర్స్. అక్కడ ఎక్కువమంది ఇంగ్లీషు పిల్లలు. పల్లె బడి నుంచి వచ్చిన బెంగాలీ కుర్రవాడంటే వాళ్లకు ఆటగా ఉండేది. వాళ్లలో బాక్సింగ్ వచ్చిన ఒకడు మీదికొస్తే జగదీశ్ దెబ్బలు తింటూనే తిరగబడి గెలిచాడు. ఆ తర్వాత ఎవరూ జోలికి రాలేదు. హాస్టల్లో స్నేహితులు తక్కువ కాబట్టి జంతువుల్ని పెంచేవాడు, చిన్న తోట వేసుకున్నాడు. సెలవులకు బర్ద్వాన్ వెళ్తే ఇంకో సరదా ఉండేది. అనాథ పిల్లలకు పని నేర్పడానికి తండ్రి అక్కడ ఒక కార్ఖానా పెట్టించాడు. వడ్రంగం, లోహపు పని దగ్గరుండి చూసేవాడు. తల్లి దగ్గర పగిలిన ఇత్తడి గిన్నెలు పోగుచేసి, కార్ఖానా మేస్త్రీ చేత చిన్న ఫిరంగి పోత పోయించుకున్నాడు. చేత్తో పని చేయడం ఆయనకు చిన్నతనం నుంచే వచ్చు.

సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఫాదర్ లఫోఁ అనే బెల్జియం దేశపు పాదిరీ భౌతికశాస్త్రం చెప్పేవాడు. ప్రతి పాఠానికీ ఎదురుగా ప్రయోగం చేసి చూపించేవాడు. కాలేజీ మేడ మీద నక్షత్రశాల కట్టించినవాడూ ఆయనే. బోసుకు భౌతికశాస్త్రం మీద ఇష్టం అక్కడ మొదలైంది. 1879లో బీయే పాసయ్యాడు.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంట్లో డబ్బు లేదు. తండ్రి జనానికి పనికొస్తాయని పెట్టిన వ్యాపారాలు, అస్సాం టీ తోట, నష్టపోయి అప్పులు మిగిల్చాయి. కొడుకు ఆలోచన సూటిగానే ఉంది: ఇంగ్లండు వెళ్లి ఐసీఎస్ పాసై కలెక్టరు అయితే అప్పులు తీరతాయి. తండ్రి ఒప్పుకోలేదు. జీవితమంతా సర్కారు కొలువు చేసినవాడే కొడుక్కి ఆ కొలువు వద్దన్నాడు. ఇతరుల మీద అధికారం చేసే పని కాదు, చదువుతో బతికే పని చూసుకోమన్నాడు. మరి వైద్యం చదువుతానన్నాడు జగదీశ్. తల్లికి కొడుకును సముద్రం దాటించడం ఇష్టం లేదు. అప్పటికే ఒక చిన్న కొడుకు పోయాడు. కానీ కొన్నాళ్లకు తనే మనసు మార్చుకుని, ఖర్చులకు తన నగలు అమ్మమని ముందుకొచ్చింది.

1880లో లండన్ ఓడ ఎక్కాడు. ఎక్కే ముందు అస్సాంలో వేటకు వెళ్లి జ్వరం తెచ్చుకున్నాడు. ఓడలోనూ అదే జ్వరం, లండన్‌లోనూ అదే జ్వరం. వైద్యం మొదటి ఏడాదిలో భౌతిక, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాలు ఉండేవి. ఆ క్లాసులన్నీ బాగానే సాగాయి. రెండో ఏడాది శవాలను కోసి చూసే శరీర నిర్మాణ పాఠాలు మొదలయ్యాయి. ఆ గదిలో వాసనకు జ్వరం తిరగబెట్టేది. చివరికి వైద్యం మానుకోక తప్పదని పెద్దవాళ్లే చెప్పారు. పరాయి దేశం, అప్పుల ఇల్లు, తల్లి నగల మాట, చేతిలో పట్టా లేదు. ఇరవై మూడేళ్ల కుర్రవాడి పరిస్థితి అది.

అప్పుడు దారి చూపినది బావగారి కాలేజీ. అక్క భర్త ఆనందమోహన్ బోసు కేంబ్రిడ్జిలో గణితం చదివి రాంగ్లర్ అనిపించుకున్న మొదటి భారతీయుడు. ఆయన చదివిన క్రైస్ట్స్ కాలేజీలోనే జగదీశ్‌కు ప్రకృతి శాస్త్రాలు చదవడానికి స్కాలర్‌షిప్ దొరికింది. 1882 జనవరిలో చేరాడు. మిల్టన్ కవి చదివిన కాలేజీ అది. చార్లెస్ డార్విన్ చదివినదీ అదే. బోసు చేరిన మూడు నెలలకు, ఏప్రిల్లో, డార్విన్ కన్నుమూశాడు.

మీలో పదో తరగతి వాళ్లు ఇప్పుడు ఒక చిక్కులో ఉంటారు. సైన్సా, కామర్సా, లెక్కలతోనా, బయాలజీతోనా. ఇంట్లో ఒకరు ఒకటంటారు, పక్క క్వార్టర్ అంకుల్ ఇంకొకటంటారు. బోసు కేంబ్రిడ్జిలో మొదటి ఏడాది ఏం చేశాడో వినండి. ఏదీ తేల్చుకోలేదు. కనిపించిన క్లాసుకల్లా వెళ్లాడు. మైకేల్ ఫాస్టర్ చెప్పే శరీరధర్మ శాస్త్రానికి వెళ్లాడు. గుడ్డులోంచి ప్రాణి ఎలా రూపుకడుతుందో చెప్పే ఫ్రాన్సిస్ బాల్ఫోర్ పాఠాలకు వెళ్లాడు. (పాపం, ముప్పై ఏళ్లకే గొప్ప పేరు తెచ్చుకున్న ఆ బాల్ఫోర్ అదే ఏడాది వేసవిలో ఆల్ప్స్ కొండ ఎక్కుతూ పడి చనిపోయాడు.) ఇలా అన్నీ చుట్టి వచ్చాక రెండో ఏడాదికి మూడింటి దగ్గర నిలిచాడు: భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం. భౌతికశాస్త్రంతో పాటు వృక్షశాస్త్రమా అని ఇవాళ ఏ కౌన్సెలరైనా తల పట్టుకుంటాడు.

ఆయనకు అన్నిటికంటే నచ్చిన క్లాసు లార్డ్ రేలీది. రేలీ అప్పుడు కేవెండిష్ ప్రయోగశాలకు ప్రొఫెసరు. తర్వాత 1904లో ఆర్గాన్ వాయువును కనుగొన్నందుకు నోబెల్ బహుమతి అందుకున్నాడు. బోసు చదువుకునే రోజుల్లో ఆయన విద్యుత్తు కొలతలను, ముఖ్యంగా ఓమ్ అనే ప్రమాణాన్ని, మళ్లీ మొదటి నుంచి సరిగ్గా కొలిచే పనిలో ఉన్నాడు. వినడానికి చప్పగా ఉంటుంది కదా! అప్పటికే కొలిచిన దాన్ని ఇంకా జాగ్రత్తగా కొలవడం ఏమిటని మీరు అడగొచ్చు. రేలీ క్లాసులో బోసు నేర్చుకున్నది అదే. ప్రయోగంలో పొరపాటు ఎక్కడ దూరుతుందో ఓపిగ్గా వెతకడం, అట్టహాసమైన యంత్రాలు లేకపోయినా మామూలు సామానుతో సూక్ష్మంగా కొలవడం. బర్ద్వాన్ కార్ఖానాలో పెరిగిన కుర్రవాడికి ఆ పద్ధతి సరిగ్గా అతికింది.

వృక్షశాస్త్రంలో ఇద్దరు గురువులు. ఒకరు సిడ్నీ వైన్స్. క్రైస్ట్స్ కాలేజీ వాడే. మొక్కల పేర్లూ వర్గాలూ బట్టీ పట్టించే పాత పద్ధతి వదిలి, విద్యార్థుల చేతికి మొక్కను ఇచ్చి ప్రయోగశాలలో పాఠం చెప్పిన మొదటి తరం మాస్టారు. ఇంకొకరు ఫ్రాన్సిస్ డార్విన్, చార్లెస్ డార్విన్ కొడుకు. తండ్రితో కలిసి మొక్కల కదలికల మీద ప్రయోగాలు చేశాడు. ఆ ఇద్దరి పుస్తకం 1880లోనే వచ్చింది. వేరు కిందికే ఎందుకు వంగుతుంది, మొలక వెలుతురు వైపే ఎందుకు తిరుగుతుంది అన్న ప్రశ్నలు ఆ క్లాసులో బోసు చెవిన పడ్డాయి. అవి ఇరవై ఏళ్లు ఆయనలో అలాగే ఉండిపోయాయి.

1884లో కేంబ్రిడ్జి డిగ్రీ వచ్చింది. రెండో తరగతి. లండన్ బీఎస్సీ కూడా అయింది. రెండో తరగతి అన్న మాట ఎందుకు చెబుతున్నానంటే, మార్కుల కాగితం చూపించడానికి భయపడే పిల్లలు ప్రతి ఊళ్లోనూ నాకు కనిపిస్తారు.

1885లో కలకత్తా తిరిగొచ్చి ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం తాత్కాలిక ప్రొఫెసరుగా చేరాడు. అదీ తేలిగ్గా రాలేదు. భారతీయుడు సైన్సు చెప్పగలడా అని కాలేజీ పెద్దలకే అనుమానం. వైస్రాయి లార్డ్ రిప్పన్ పేరిట తెచ్చుకున్న సిఫారసు ఉత్తరం ఉండబట్టి ఉద్యోగమైతే ఇచ్చారు. జీతం దగ్గర తేడా చూపారు. అదే పనికి యూరోపియన్లకు ఇచ్చేదాంట్లో మూడింట రెండు వంతులే భారతీయులకు ఇచ్చేవారు. తాత్కాలిక ఉద్యోగం కాబట్టి దాంట్లోనూ సగం కోత. అంటే పక్క గదిలో పాఠం చెప్పే తెల్లాయనకు మూడు రూపాయలు వస్తే ఈయనకు ఒక రూపాయి.

బోసు రాజీనామా చేయలేదు, గొడవ చేయలేదు. జీతం తీసుకోవడం మానేశాడు. రోజూ వేళకు వచ్చి పాఠం చెప్పేవాడు. ఒక నెల కాదు, మూడేళ్లు. ఇంట్లో అప్పులవాళ్లు ఉన్నారు. మధ్యలో 1887లో పెళ్లి కూడా అయింది. భార్య అబలా దాస్ మద్రాసు వెళ్లి మెడికల్ కాలేజీలో కొన్నేళ్లు చదివిన అమ్మాయి. ఆ ఇద్దరూ ఎలా నెట్టుకొచ్చారో తలుచుకుంటే, నెలాఖరు జీతం ఒక్క రోజు ఆలస్యమైతే లెక్కలు తప్పే మన ఇళ్లకు అర్థమవుతుంది. మూడేళ్ల తర్వాత పైవాళ్లు దిగొచ్చారు. ఉద్యోగం ఖాయం చేసి, చేరిన రోజు నుంచి లెక్కగట్టి పూర్తి జీతం ఒకేసారి ఇచ్చారు. ఆ డబ్బు తండ్రి అప్పులకే వెళ్లింది.

పరిశోధనకు దిగింది 36వ పుట్టినరోజున, 1894లో. కాలేజీలో పరిశోధనకు గది లేదు. స్నానాల గది పక్కన 24 చదరపు అడుగుల చోటు దొరికింది. మీ క్లాసులో రెండు బెంచీలు వేస్తే నిండిపోయేంత. తనే పని నేర్పిన ఒక రేకుల పనివాడి చేత పరికరాలు చేయించుకున్నాడు. అక్కడ పుట్టించిన విద్యుత్ తరంగాల పొడవు దాదాపు 5 మిల్లీమీటర్లు. అప్పటికి ప్రపంచంలో అంత పొట్టి రేడియో తరంగాలతో పనిచేసినవాళ్లు లేరనే చెప్పాలి. ఇవాళ మైక్రోవేవ్ అని పిలుస్తున్నవి అవే. కలకత్తా టౌన్ హాలులో అందరి ఎదుట ఆ తరంగాలను గోడలు దాటించి, 75 అడుగుల అవతల గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించాడు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. కాంతి తరంగాల్లాగే ఈ తరంగాలనూ ఒకే తలంలో కంపించేలా వడకట్టవచ్చా అని చూడాలి. దీన్నే ధ్రువణం అంటారు, పన్నెండో తరగతి అన్నయ్యల్ని అడగండి. దానికి ఖరీదైన స్ఫటికాలు కావాలి. బోసు ఏం వాడాడో తెలుసా? బ్రాడ్‌షా అనే రైళ్ల టైమ్‌టేబుల్ పుస్తకం. పేజీల మధ్య తగరపు రేకులు పెట్టాడు, అంతే! పొరలు పొరలుగా ఉన్న ఆ పుస్తకం స్ఫటికం చేసే పని చేసింది. ఇంకో ప్రయోగానికి మెలితిప్పిన జనపనార కట్టలు వాడాడు. రైల్వే టైమ్‌టేబుల్ మన ఇళ్లలో బదిలీ అయినప్పుడే బయటికి తీస్తాం, ఇప్పుడైతే అదీ ఫోనులోకి వెళ్లిపోయింది.

కాగితాలు రాసి పాత గురువు రేలీకి పంపాడు. రేలీ వాటిని రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. 1896లో లండన్ విశ్వవిద్యాలయం డీఎస్సీ ఇచ్చింది. 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం సాయంత్రపు ఉపన్యాసం ఇచ్చాడు. పదిహేనేళ్ల కిందట జ్వరంతో ఆ ఊరి కాలేజీ వదిలిన విద్యార్థే ఇప్పుడు అక్కడి శాస్త్రవేత్తలకు పాఠం చెప్పాడు. పేటెంట్లు తీసుకుని డబ్బు చేసుకోవడం ఆయనకు ఇష్టం లేదు. స్నేహితుల బలవంతం మీద 1904లో అమెరికాలో ఒక పేటెంటు వచ్చింది గానీ దాన్నీ కాలం చెల్లిపోనిచ్చాడు.

ఆ తర్వాతే అసలు మలుపు. తరంగాలను పసిగట్టే పరికరం ఎక్కువసేపు పనిచేస్తే మందగించేది, కాసేపు విశ్రాంతి ఇస్తే తేరుకునేది. అలసిపోయిన కండరంలా ఉందే అనుకున్నాడు. లోహంలో, మొక్కలో, కండరంలో విద్యుత్ స్పందనలను పక్కపక్కన కొలిచి గీతలు గీశాడు. మొక్కకు విషం ఇస్తే స్పందన ఎలా ఆగిపోతుందో చూపించాడు. మొదట చెప్పానే, ఆయన చూపించింది వేరని, అది ఇదే. మొక్క దెబ్బకు, వేడికి, మందుకు విద్యుత్తుతో స్పందిస్తుంది, ఆ స్పందనను కొలవవచ్చు.

1901లో ఇది లండన్‌లో చెబితే శరీరధర్మ శాస్త్రజ్ఞులకు కోపం వచ్చింది. ఒక భౌతికశాస్త్రం మాస్టారు మా పొలంలోకి ఎందుకొచ్చాడు అన్నట్టు మాట్లాడారు. మాటలు మార్చి రాయమన్నారు. బోసు మార్చనన్నాడు. రాయల్ సొసైటీ ఆ వ్యాసాన్ని అచ్చువేయకుండా పక్కన పెట్టింది. సెలవు అయిపోతోంది, కలకత్తా తిరిగి వెళ్లాలి. వెళ్తే ఓడిపోయి వెళ్లినట్టే. వెళ్లకుండా ఆగిపోయాడు. రేలీ చలవతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో చోటు దొరికింది. ఒకరోజు వృక్షశాస్త్రజ్ఞులు కొందరు ఆ ప్రయోగాలు కళ్లారా చూడటానికి వచ్చారు. వాళ్లలో ఒకరు సిడ్నీ వైన్స్, కేంబ్రిడ్జిలో మొక్క చేతికిచ్చి పాఠం చెప్పిన ఆ మాస్టారు. అప్పుడాయన లిన్నియన్ సొసైటీకి అధ్యక్షుడు. చూసి నమ్మాడు. 1902 ఫిబ్రవరిలో ఆ సొసైటీ వేదిక మీదే బోసు ప్రయోగాలు చేసి చూపించాడు. అక్కడ ఎవరూ ఎదురు చెప్పలేదు, వ్యాసం అచ్చయింది. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం ఒక్కటే చదివి ఉంటే ఆ రోజు ఆయన వెనక నిలబడేవాడు ఎవరో!

తర్వాతి కథ త్వరగా చెబుతాను. మొక్క ఎదుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశాడు. సత్యేంద్రనాథ్ బోసు, మేఘనాథ్ సాహా ఆయన దగ్గర చదువుకున్నారు. 1915లో రిటైరై, 1917లో తన పుట్టినరోజునే కలకత్తాలో బోసు పరిశోధనాలయం ప్రారంభించాడు. 1920లో అదే రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది. మొక్కల గురించి ఆయన చెప్పినవన్నీ శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. కొన్నిచోట్ల చూసినదానికంటే ఎక్కువ ఊహించాడనే నాకూ అనిపిస్తుంది. కానీ మొక్కల్లో విద్యుత్ సంకేతాల మీద ఇవాళ కూడా పరిశోధన జరుగుతోంది.

చిన్ననాటి ఫరీద్‌పూర్ ఆయన్ని మళ్లీ పిలిచింది. అక్కడ ఒక ఖర్జూర చెట్టు సాయంత్రం గుడి గంట మోగే వేళకు నేలకు వంగి, తెల్లవారేసరికి లేచి నిలబడేది. చెట్టు దణ్ణం పెడుతోందని జనం మొక్కేవారు. బోసు దానికి తన పరికరం కట్టి రాత్రీ పగలూ గీత గీయించాడు. చెట్టు గంట కోసం వంగడం లేదు. రోజంతా కొద్దికొద్దిగా కదులుతూనే ఉంది, వేడి చల్లదనాలను బట్టి.

బెంగాలీలోనూ చక్కగా రాశాడు. సైన్సు వ్యాసాలు, కథలు ఉన్న ఆయన పుస్తకం అవ్యక్త 1921లో వచ్చింది. 1937 నవంబరు 23న గిరిడీలో చనిపోయాడు. ఇంకో వారం ఉంటే 79 నిండేవి.

మీ స్కూలు తోటలోనో క్వార్టర్ల వెనకాలో అత్తిపత్తి ఉందేమో చూడండి. హిందీ స్నేహితులు ఛుయీముయీ అంటారు, బెంగాలీ వాళ్లు లజ్జావతి అంటారు. ఒక ఆకును ముట్టుకుని, అది మళ్లీ పూర్తిగా విచ్చుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. ఎండలో ఒకసారి, మబ్బు పట్టినప్పుడు ఒకసారి చూడండి. మధ్యలో మొక్కకు కాస్త విరామం ఇవ్వండి, ఊరికే విసిగిస్తే ముడుచుకోవడం మానేస్తుంది. రాసుకున్న కాగితం మన తెలుగు పీరియడుకే తీసుకురండి, సైన్సు మేడమ్ గారికి నేను చెబుతాను.